తెల్లదుమ్ము బ్యాండును రికార్డు చేసిన రోజు

సౌండు పనిలోకి వచ్చే పిల్లలు ఈమధ్య మా ఇంటికి వచ్చి ఒకటే అడుగుతున్నారు, ఏ మైకు కొనుక్కోవాలి మేడమ్ అని. నేను ఏ మైకు పేరూ చెప్పను. మైకు ఏదైనా తన పని తాను చేస్తుంది. దాని ముందు నిలబడిన మనిషికి ఏం కావాలో కనుక్కోవడమే మన పని అంటాను. ఈ జవాబు వాళ్లకు రుచించదు. ముసలావిడ చాదస్తం అనుకుని టీ తాగి వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయిన వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకోండి.

నేను కడపలో రేడియో స్టేషనులో రికార్డింగులు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కర్నూల్లో ఉంటున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సెలవు కోసం పడిన తిప్పలు ఇక్కడ రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకే తీరుగా ఉంటాయి. నాకు శబ్దం అంటే ఏమిటో తెలియజెప్పిన మనుషుల గురించి మాత్రం రాస్తాను. వాళ్లలో ఒకరు మా ఆఫీసరు. ఇంకొకరు ఇసుర్రాయి తిప్పే ముసలమ్మ. మిగిలినవాళ్లు ‘తెల్లదుమ్ము’ అనే బ్యాండు పిల్లలు. ఆ బ్యాండు పుట్టడమూ పోవడమూ చాలామందికి తెలియదు. నాకు మాత్రం ఉద్యోగమంతా ఒక ఎత్తు, ఆ పిల్లలు ఒక ఎత్తు.

పీకేయడమే పని

బయటివాళ్లు సౌండు పని అంటే శబ్దాన్ని పట్టుకోవడం అనుకుంటారు. నిజానికి మేం చేసేది పీకేయడం. వరి నాట్లలో కలుపు తీసినట్టు, మాట తప్ప మిగిలినవన్నీ తీసేస్తాం. స్టూడియోలోకి వచ్చినవాళ్ల చేత ముందు చెప్పులు విప్పించేదాన్ని, కిర్రుమంటాయని. ఆడవాళ్లయితే గాజులు తీయించేదాన్ని. కొందరికి ఆ గాజులు తీయడం మహా అపశకునం. అప్పుడు చేతిరుమాలు తెచ్చి మణికట్టుకు చుట్టేదాన్ని. రైతులు గొంతు సవరించుకుంటే ఆ ముక్క కోసేసేదాన్ని. దగ్గు, నిట్టూర్పు, కుర్చీ చప్పుడు, కిటికీ అవతల కాకి, అన్నీ పోయేవి.

నాకు ఈ పని నేర్పిన ఆఫీసరును స్టేషనులో అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన ఇస్త్రీ చొక్కా నలగకుండా రోజంతా కూర్చోగలిగిన మనిషి. ఆయనకున్నది ఒకటే సూత్రం. "పొలం గట్టున చిన్న రేడియో పెట్టుకుని వింటున్నాడమ్మా రైతు. పక్కన మోటారు ఆడుతోంది. అయినా మన మాట అతనికి అర్థం కావాలి." రికార్డింగు విని ఆయన తల ఊపి, "మాట స్పష్టంగా వచ్చిందమ్మా" అంటే ఆ రోజు మాకు పండగే. అంతకుమించిన మెప్పు ఆయన నోట ఎవరూ వినలేదు.

ఆయన మంచివాడు, పని తెలిసినవాడు. ఆ సూత్రంతో మేం చేసిన రికార్డింగులు ఎందరికో పనికొచ్చాయి. ఇది ముందే చెప్పి తర్వాతి సంగతి చెబుతున్నాను, ఆయనను తక్కువ చేస్తున్నానని అనుకోకండి.

నరసమ్మ, ఇసుర్రాయి

ఆదోని వైపు పల్లె నుంచి నరసమ్మ అనే ముసలమ్మను పాటల రికార్డింగుకు పిలిపించారు. జొన్నలు విసిరేటప్పుడు పాడే పాటలు ఆమెకు శానా వచ్చునని ఎవరో చెప్పారు. ఆమె తన ఇసుర్రాయిని గోనెసంచిలో కట్టుకుని బస్సులో తెచ్చుకుంది. మనవడు మోయలేక మోయలేక మోసుకొచ్చి స్టూడియో నడిమధ్యలో దించాడు.

పెద్దసారు అద్దం అవతలి నుంచి చూసి, ఆ రాయి ఎందుకు, తీయించండి అన్నారు. గరగరమని మాటలను మింగేస్తుంది కదా, ఆయన సూత్రం ప్రకారం అది కలుపు మొక్క. రాయిని వరండాలో పెట్టించాం. నరసమ్మను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి మైకు సర్దాం. ఎర్రలైటు వెలిగింది. ఆమె నోరు తెరిచి, ఒక ముక్క పాడి, ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టి అక్కడే ఆగింది. కుడిచెయ్యి మాత్రం గాలిలో చిన్నగా గుండ్రంగా తిరుగుతోంది.

"ఏమమ్మా, మర్చిపోయినావా?" అని లోపలికి వెళ్లి అడిగాను.

"మర్చిపోలేదు తల్లీ. రాయి తిరక్కుంటే పాట యాడ నుంచి వస్తాది?"

పెద్దసారుకు ఆ మాట చెప్పాను. ఆయన నవ్వి, అలవాటు మీద అంటుంది, నాలుగుసార్లు ప్రయత్నిస్తే వచ్చేస్తుంది అన్నారు. నిజంగానే వచ్చింది. ముక్కలు ముక్కలుగా పాడించి అతికాం. ప్రసారమైన రోజు ఆయన తల ఊపి, "మాట స్పష్టంగా వచ్చిందమ్మా" అన్నారు. ప్రతి మాటా వినబడింది, అది నిజమే. కానీ అది విన్నవాళ్లు ఎవరూ జొన్నలు విసురుతున్న మనిషిని విన్నామని చెప్పలేరు. పెద్దసారు తప్పు చేశారని అప్పుడే అనిపించింది. నేను కొత్తదాన్ని, నా మాటకు అక్కడ విలువ లేదు. ఆ గాలిలో తిరిగిన చెయ్యి మాత్రం నా కళ్లలో ఉండిపోయింది.

గొంతు లోపల ఉండాది

రిటైరై కర్నూలు వచ్చాక ఒకరోజు ముగ్గురు పిల్లలు మా ఇంటికి వచ్చారు. నరేశ్, ఓబులేసు, మాబున్నీ. నరేశ్ వాళ్ల నాన్నకు బేతంచెర్లలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఓబులేసు ఐటీఐ చదివాడు, డ్రమ్ములు వాయిస్తాడు. మాబున్నీ నర్సింగు చదివిన పిల్ల, గిటారు వాయిస్తూ పాడుతుంది. వాళ్ల నాయన దస్తగిరి ఆ ఫ్యాక్టరీలోనే పాలిష్ మిషను మీద పని చేస్తాడు. బ్యాండు పేరు తెల్లదుమ్ము అని చెప్పారు. బేతంచెర్ల దారిలో వెళ్లినవాళ్లకు ఆ పేరు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. బండలు కోసే చోట చెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉంటాయి.

"ఏం సంగీతం నాయనా మీది?" అన్నాను.

"షూగేజ్ అంటారు మేడమ్," అన్నాడు నరేశ్. "గిటారు శబ్దాన్ని కింద పెట్టిన పెడల్సుతో సాగదీస్తాం. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి పేరుస్తాం. వాయించేటప్పుడు చూపంతా కాళ్లకాడనే ఉంటాది. బూట్లు చూసుకుంటా వాయించేవాళ్లని తెల్లోళ్లు ఆ పేరు పెట్టినారు."

నేను వాకిట్లోకి చూశాను. మూడు జతలూ హవాయి చెప్పులే.

"ఈ ఎండల్లో బూట్లు ఎవరేసుకుంటారు మేడమ్," అన్నాడు ఓబులేసు.

ఫోనులో ఒక పాట వినిపించారు. చెవికి దగ్గరగా పెట్టుకుని విన్నాను. హోరు. దాని వెనక ఇంకో హోరు. ఆ రెంటి నడుమ ఎవరో ఉన్నట్టు అనుమానం.

"గొంతు యాడుందమ్మా?" అని మాబున్నీని అడిగాను.

"లోపల ఉండాది మేడమ్."

"ఎంత లోపల?"

"రవంత లోపలే."

"బయటికి తీసుకొద్దాం. నాకు చేతనయిన పని అదొక్కటే."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. మాట మెత్తగానే ఉంది, వెనక్కి తగ్గలేదు. "వద్దు మేడమ్. అది ఆడనే ఉండాల. ఒక్కసారి షెడ్డుకు వచ్చి ఇనండి. ఫోనులో తెలీదు."

ఉద్యోగంలో ఉండగా ఎవరైనా నాకు అలా చెప్పి ఉంటే, పెద్దసారు దగ్గరికి పంపించేసేదాన్ని. రిటైరయ్యాక ఒక సుఖం ఏమిటంటే మనకు ఎవరి సూత్రమూ అడ్డం రాదు. సరే, వస్తానన్నాను.

షెడ్డులో

నేను వెళ్లేసరికి ఫ్యాక్టరీ నడుస్తోంది. పాలిష్ మిషను అంటే బండ మీద నీళ్లు పోస్తూ పెద్ద చక్రాన్ని గిర్రున తిప్పే యంత్రం. అలాంటివి వరుసగా ఆడుతుంటే పక్కవాడి మాట పక్కవాడికి అందదు. అందరూ సైగలతోనే పని కానిస్తున్నారు. దస్తగిరి నన్ను చూసి మిషను ఆపి వచ్చాడు. మోకాళ్ల దాకా తెల్లటి బురద. నవ్వు ముఖం.

"రాండమ్మా, కూర్చోండి," అన్నాడు. షెడ్డంతా వినిపించేలా అన్నాడు. చెవులు పోయినవాళ్లు తమ గొంతును కొలుచుకోలేరు. "మా పాప శానా బాగా పాడతాదంట. అందరూ చెప్తాండారు. నేనే ఇనలేదు."

మాబున్నీ నన్ను పక్కకు తీసుకెళ్లి చెప్పింది. చెవి మిషను పెట్టించారట. అందులో అన్నీ గరగరమంటున్నాయని తీసి అల్మారాలో పడేశాడట. డాక్టర్లు ఇంక ఏమీ చేయలేమన్నారు.

"చిన్నప్పుడు నాయనకు క్యారియరు తెచ్చేదాన్ని మేడమ్. మిషను ఆపేదాకా దాని పక్కన నిలబడి పాడుకునేదాన్ని. ఆ మోతలో ఎవురికీ ఇనపడదు కదా, సిగ్గుండదు. నాయన నా నోరు చూసి నగేవాడు. అప్పటికే ఆయప్పకు సగం ఇనపడేది కాదు. నాకు పాట అట్లనే వచ్చింది. మోత లేకుంటే నా గొంతు నాకే ఎవురిదో అనిపిస్తాది."

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆమెకు బెంగళూరు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఓబులేసుకు మంగంపేట ముగ్గురాయి గనుల్లో పని కుదిరింది. ఈ షెడ్డును నరేశ్ వాళ్ల నాన్న వేరేవాళ్లకు అప్పజెబుతున్నాడు. బ్యాండుకు మిగిలిన కాలం చాలా తక్కువ.

"నా పాట నాయన ఒక్కసారన్నా ఇనాల మేడమ్. ఎట్లనో నాకు తెల్దు. మీరు అందరి గొంతులూ అందరికీ ఇనిపించినారంట కదా. అందుకే మీకాడికి వచ్చినాం."

చెవులు లేని మనిషికి వినిపించడం నా చేతిలో పని కాదని నాకు తెలుసు. అది ఆ పిల్లకూ తెలుసు. అయినా కాదనలేకపోయాను.

మధ్యాహ్నం భోజనాల వేళకు మిషన్లు ఆగాయి. పనివాళ్లు తిని, పాలిష్ అయిన బండల మీద అక్కడక్కడ ఒరిగారు. అంత ఎండలోనూ ఆ బండలు చల్లగా ఉంటాయి. బయట వేడిగాలి కొడుతుంటే చెంప బండకు ఆనించి కునుకు తీయడం అక్కడివాళ్లకు రోజూ ఉండే భోగం. ఆ సందులోనే పిల్లలు మూలనున్న ఆంప్లిఫయర్లు తెచ్చి వైర్లు తగిలించారు.

నరేశ్ ఒక తీగ మీటి కాలితో పెడలు నొక్కాడు. మళ్లీ మిషన్లు మొదలయ్యాయేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. మిషన్లు నిశ్చలంగా ఉన్నాయి. ఆ శబ్దం నరేశ్ కాలి కింద నుంచి వస్తోంది. దాని మీద మాబున్నీ తన గిటారును పేర్చింది. రేకుల కప్పు, గోడలకు చేరవేసిన బండల వరుసలు, నీళ్ల తొట్టి, అన్నీ పలుకుతున్నాయి. తొట్టిలో నీళ్ల మీద సన్నటి ముడతలు లేచాయి. ఓబులేసు డ్రమ్ములు ఎక్కడో దూరంగా నడుస్తున్నట్టున్నాయి. అప్పుడు ఆ హోరు లోపలి నుంచి మాబున్నీ గొంతు వచ్చింది. ఒక్క మాట అర్థం కాలేదు. కానీ ఒక మనిషి అక్కడ ఉందని, ప్రాణం పెట్టి పాడుతోందని నాకు తెలిసింది.

కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకో చెప్పలేను. శ్రీశైలంలో డ్యాము గేట్లు ఎత్తినప్పుడు చూడటానికి వెళ్లినవాళ్లు మాటలు ఆపేసి నిలబడిపోతారు, నేను అలా నిలబడిపోయాను. ఇన్నేళ్లు శబ్దాన్నే నమ్ముకుని బతికాను, శబ్దం ఇంత పెద్దదని నాకు ఎవరూ చెప్పలేదు. నేను పీకేస్తూ వచ్చిన వాటన్నిటితోనే ఈ పిల్లలు ఒక ఇల్లు కట్టి, అందులో గొంతును దాచుకున్నారు. చెంపలు బండలకు ఆనించిన పనివాళ్లలో ఒక్కరూ లేవలేదు. వాళ్లకు అది జోలపాటలా ఉన్నట్టుంది.

మద్దిలేటి చేసిన సాయం

ఆ పిల్లలకు స్టేజీ మీద వాయించే అవకాశం ఒక్కటే వచ్చింది. కర్నూల్లో ఒక కాలేజీ వార్షికోత్సవం. పెద్ద స్పీకరు బాక్సులు పెడతారు, బేసు ఛాతీకి తగులుతుంది, నాయనకు అలాగైనా తెలుస్తుందని మాబున్నీ ఆశ. దస్తగిరి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని ముందు వరుసలో, బాక్సుకు ఎదురుగా కూర్చున్నాడు. నేను అతని పక్కన కూర్చున్నాను.

మైకుసెట్టు మద్దిలేటిది. ఊళ్లో పేరున్న మనిషి. పెళ్లి అయినా, మీటింగు అయినా, అతని సెట్టు ఉంటే కుయ్యిమని కూత రాదని అందరికీ నమ్మకం.

పాట మొదలైంది. నరేశ్ పెడలు నొక్కగానే గిటారు కూత అందుకుంది. ఈ సంగీతానికి ఆ కూతే ప్రాణం. మద్దిలేటి చెయ్యి వెంటనే మిక్సరు మీదికి వెళ్లింది. గిటారు తగ్గిపోయింది. నరేశ్ పెంచాడు, అతను తగ్గించాడు. బాక్సులు అదురుతున్నాయని బేసు తీసేశాడు. ఆడపిల్ల గొంతు వినపడటం లేదని దాన్ని పైకి లేపాడు. నేను కుర్చీల నడుమ నుంచి తోసుకుంటూ అతని దగ్గరికి చేరేసరికి, హాలు నిండా మాబున్నీ గొంతు ఒంటరిగా నిలబడి ఉంది. ఆ పిల్ల ఉలిక్కిపడి ఆగిపోయింది. తల ఎత్తలేదు. జుట్టు ముఖం మీద పడి ఉంది. వెనక బెంచీల నుంచి సినిమా పాట పాడమని కేకలు మొదలయ్యాయి. పిల్లలు వైర్లు పీకి దిగిపోయారు.

మద్దిలేటి చెమట తుడుచుకుంటూ నన్ను చూసి తృప్తిగా నవ్వాడు. "వాళ్ల బాక్సులో ఏందో రిపేరు ఉండాది మేడమ్. ఒకటే కూత. నేను గట్టిగా పట్టుకున్నా కాబట్టి సరిపోయింది, ఒక్క కూత కూడా పైకి రానియ్యలేదు."

నాకు కోపం రాలేదు. మైకుసెట్టు పెట్టే ఏ మనిషైనా అదే చేస్తాడు. ఉద్యోగమంతా నేనూ అదే చేశాను. కానీ ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. చెడిపోయిందని మీకు అనిపించినదాన్ని బాగుచేసే ముందు, అది ఎందుకు అలా ఉందో ఒక్కమాట అడగండి. మద్దిలేటి అడగలేదు. ఆనాడు పెద్దసారూ అడగలేదు. ఇద్దరూ సాయం చేయబోయినవాళ్లే.

బయటికి వస్తుంటే దస్తగిరి నా వెనకే నడుస్తూ, తన మామూలు గొంతుతో, వీధి వీధంతా వినేలా అన్నాడు. "మా పాప పాడనే లేదు కదమ్మా."

మాబున్నీ రెండడుగుల ముందు నడుస్తోంది. ఆ మాట ఆమె విన్నదని నాకు ఆమె వీపు చూస్తేనే తెలిసింది.

పలక

ఓబులేసు మంగంపేట వెళ్లే ముందు ఆదివారం రికార్డింగు పెట్టుకున్నాం. ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు. ముందు రోజంతా నాకు నరసమ్మ మాటే చెవిలో తిరిగింది. రాయి తిరక్కుంటే పాట యాడ నుంచి వస్తాది. షెడ్డులో ఆ తొట్టి నీళ్ల మీద ముడతలు గుర్తొచ్చాయి. గాలిలో వెళ్లే శబ్దానికి దస్తగిరి దగ్గర తలుపు మూసి ఉంది. మరి రాయిలో వెళ్లే శబ్దానికి?

నరేశ్‌తో పొడుగ్గా పలచగా ఉన్న బండ ఒకటి ఏరించాను. మేం దాన్ని పలక అన్నాం. దాని రెండు చివరలూ కట్టె దిమ్మెల మీద ఆనించాం, మధ్యలో గాలి ఆడేలా. మాబున్నీ గొంతు ఒక్కటే వచ్చేలా ఒక ఆంప్లిఫయరును వేరు చేసి, దాన్ని పలక ఒక చివర బోర్లా పడుకోబెట్టాను. గిటార్లు, డ్రమ్ములు దానికి తగలకుండా దూరంగా జరిపాను. అంటే షెడ్డు గాలిలో బ్యాండు మొత్తం ఉంటుంది, గొంతు లోపలే ఉంటుంది, మాబున్నీ కోరుకున్నట్టు. పలకలో మాత్రం గొంతు తప్ప ఇంకేమీ ఉండదు. రేడియోలో ఇలాంటి పని చేస్తే పెద్దసారు నా ముఖం చూసేవారు కాదు.

దస్తగిరిని పలక మీద కూర్చోబెట్టి, అరచెయ్యి దాని మీద పెట్టించాం. మాబున్నీ మైకులో ఒక చరణం పాడింది. అతను కాసేపు చెయ్యి అలాగే ఉంచాడు.

"అదురుతాండాది," అన్నాడు. "మిషను మాదిరి."

మాబున్నీ నా వైపు చూసింది. బతుకంతా చేతికింద అదురే కదా అతనికి, అన్ని అదురులూ మిషనులాగే తెలుస్తాయేమో అనుకున్నాను. పోనీలే మేడమ్, పాట మాత్రం రికార్డు చేద్దాం అన్నాడు నరేశ్. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఓబులేసు డ్రమ్ము పుల్లలు తట్టి లెక్క ఇచ్చాడు.

ఆ రోజు వాళ్లు వాయించినట్టు నేను మళ్లీ వినలేదు. విడిపోతామని తెలిసి వాయిస్తున్నవాళ్లు, దాచుకోవడానికి ఏమీ మిగల్చలేదు. శబ్దం రేకుల మీదికి ఎక్కి, బండల వరుసల్లోకి దిగి, మళ్లీ మా మీదికి వచ్చింది. మిక్సరు మీద నా వేళ్లు కదలలేదు. కదిలించాల్సింది ఏమీ కనిపించలేదు. ఇంత గొప్పది ఈ దుమ్ములో, ఈ ముగ్గురు చెప్పుల పిల్లల కాళ్ల దగ్గర పుడుతోందని, దాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే పట్టుకుంటున్నానని అనుకుంటే గుండె నిండిపోయింది.

దస్తగిరికి కూర్చుని కూర్చుని విసుగొచ్చినట్టుంది. రోజూ మధ్యాహ్నం ఆ వేళకు బండ మీద ఒరిగే మనిషి. మెల్లగా పక్కకు వాలి, మోచెయ్యి ముడిచి, చెంప పలకకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పాట మధ్యలో గొంతు లేకుండా గిటార్లు మాత్రమే సాగే చోటు ఉంది. అక్కడికి వచ్చేసరికి దస్తగిరి కళ్లు తెరిచాడు. చెంప పలక మీదే ఉంది. ఏదో ఆగిపోతే నిద్రలో ఉన్న మనిషికి మెలకువ వచ్చినట్టు చూశాడు. మాబున్నీ మళ్లీ అందుకుంది. అతను చెంపను ఇంకా గట్టిగా అదిమాడు. మళ్లీ చిన్న విరామం, మళ్లీ గొంతు. ఈసారి అతను తల తిప్పి కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల మామూలుగానే తల వంచుకుని పెడల్సు చూస్తోంది, పెదవులు జుట్టు వెనక ఉన్నాయి. అతనికి ఆమె నోరు కనపడే వీలే లేదు.

ఆ పాట నట్టనడుమ, గిటార్లన్నిటినీ దాటి, దస్తగిరి గొంతు వచ్చింది.

"పాపా, పాడతాండావా?"

నా వేలు రికార్డు ఆపే మీట మీదికి వెళ్లింది. అది నేను అనుకుని చేసింది కాదు. దగ్గు వినపడితే, కుర్చీ కిర్రుమంటే, ఇన్నేళ్లుగా ఆ వేలు దానంతటదే అక్కడికి వెళుతుంది. ఎడమచేత్తో ఆ వేలిని పట్టుకుని వెనక్కి లాక్కున్నాను.

మాబున్నీ ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. గొంతు మాత్రం వణికింది. ఆ వణుకు గాలిలో ఎవరికీ తెలియదు, హెడ్‌ఫోన్లలో నాకు తెలిసింది. పలక మీద ఉన్న మనిషికీ తెలిసినట్టుంది, అతను ఇంకేమీ అడగకుండా మళ్లీ కళ్లు మూసుకున్నాడు. మూసిన కళ్ల నుంచి నీళ్లు పలక మీదికి జారాయి. ఓబులేసు అటు చూసి, తల పక్కకు తిప్పుకుని, వాయిస్తూనే ఉన్నాడు.

పాట అయిపోయింది. గిటార్ల మోత మెల్లమెల్లగా రేకుల్లో ఇంకిపోయింది. అప్పుడు మాబున్నీ మైకుకు దగ్గరగా వచ్చి, పాడినంత మెల్లగా, "పాడినా నాయనా" అంది.

చెంప పలకకు ఆనించే ఉన్న దస్తగిరి "ఊఁ" అన్నాడు.

తర్వాత

ఆ బ్యాండు కథ అంతే. ఓబులేసు మంగంపేటలో ఉన్నాడు. మాబున్నీ బెంగళూరులో నర్సుగా పని చేస్తోంది, డ్యూటీ లేని రోజు నాకు ఫోను చేస్తుంది. నరేశ్ పెడల్సును అట్టపెట్టెలో పెట్టి అటక ఎక్కించాడు. పలక మాత్రం దస్తగిరి అడిగి ఇంటికి తీసుకెళ్లాడు. ఇంటి ముందు పందిరి కింద వేసుకుని మధ్యాహ్నం దాని మీదే పడుకుంటాడు.

రికార్డింగు అయిన సాయంత్రం నరేశ్ మొహమాటపడుతూ అడిగాడు. "మేడమ్, మళ్లీ ఒకసారి వాయించమంటారా? దస్తగిరన్న మాట నడుమలో పడింది కదా." నేను మాబున్నీ వైపు చూశాను. ఆమె జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. నరేశే, ఉండనీలే అని వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

పాటను ఇంటర్నెట్టులో పెట్టారు. ఎక్కడెక్కడివాళ్లో కొందరు విన్నారు. అద్భుతం అన్నవాళ్లు ఉన్నారు, తలనొప్పి అన్నవాళ్లూ ఉన్నారు. పాడే అమ్మాయి మాటలు ఒక్కటీ అర్థం కావడం లేదు, నడుమలో ఎవరో పెద్దమనిషి మాట్లాడాడు, దాన్ని తీసేసి ఉండాల్సింది, రికార్డింగు చేసినవాళ్లకు పని రాదేమో అని ఒకాయన రాశాడు. ఆయన చెప్పినదాంట్లో మొదటి ముక్క నిజమే. మాబున్నీ పాడిన మాటలు ఏమిటో నాకు కూడా తెలియదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మీరు ఈ పనిలోకి వస్తే దగ్గులు కోయండి, గాజులకు రుమాలు చుట్టండి, కూతలు ఆపండి. అది నేర్చుకోనిదే ఎవరూ మీకు పని ఇవ్వరు. ఏదో ఒకరోజు మీ వేలిని మీరే పట్టుకుని వెనక్కి లాక్కోవాల్సి వస్తుంది. ఆ రోజు కోసమే చెవులు తెరుచుకుని ఉండండి.

నేను ఇప్పుడు కూడా ఒక్కోసారి ఆ పాట పెట్టుకుని వింటాను. అంత హోరులోనూ ఎవరికైనా అర్థమయ్యే మాట అందులో ఒక్కటే ఉంది, తన కూతురు పాడుతోందా అని అడిగిన దస్తగిరి మాట. పెద్దసారు బతికి ఉండి అది వింటే మిగిలినదంతా కలుపే అనేవారు. ఆ ఒక్కచోట మాత్రం తల ఊపి, మాట స్పష్టంగా వచ్చిందమ్మా అనేవారు.